చెయ్యి ఆనిన చోటు

“రెండు గంటలు చాలు నాకు,” అన్నాడు కేశవ్. “గరుకు కాగితం, కొంచెం టీ డికాషన్, ఆఖర్న రవ్వంత షూ పాలిష్. లీలమ్మత్త కనిపెట్టలేదు.”

నివేదిత వంటింట్లో పొయ్యి దగ్గర ఉంది. ఇడ్లీ పిండి గిన్నె మీద మూత పెట్టింది. ఎందుకో తీసింది. మళ్ళీ పెట్టింది.

“నీతోనే మాట్లాడతా ఉండేది.”

“వింటానే ఉండా.”

“పదకొండుకు వస్తానని ఫోన్ చేసింది. ఇప్పుడు ఏడున్నర. నువ్వు ఊ అంటే మొదలుపెడతా.”

“ఏ చోట అరగదీస్తావు?”

“అదే చోట. కుడిచెయ్యి ఆనే చోట.”

“ఎంత మేర?”

కేశవ్ ఫోన్ తీసి ఫోటోలు వెతికాడు. నెల రోజులు ఆ గిటార్ వాళ్ళ బల్ల మీదే ఉంది. లోపలి వైర్లకు పదకొండు ఫోటోలు తీసుకున్నాడు. ముందువైపు ఫోటో ఒక్కటీ లేదు.

పెరటి వసారాలో, దూలానికి దిగేసిన కొక్కేనికి, అది వేలాడుతోంది. లోకనాథన్ గిటార్. పుదుచ్చేరి, కడలూరు, విళుపురం చుట్టుపక్కల పెళ్ళి పందిళ్ళలో, గుడి తిరునాళ్ళలో, లైట్ మ్యూజిక్ పార్టీలతో తిరిగి నలభై ఏళ్ళు ఆయన వాయించిన ఎలక్ట్రిక్ గిటార్. ఆయన ముంజేయి ఆనీ ఆనీ పైఅంచున ఎర్రరంగు పోయింది, దాని కింద తెల్లపూత పోయింది, ఆఖరికి కొయ్య బయటపడింది. తేనెరంగు కొయ్య. ఆయన పోయిన నాలుగో నెలలో భార్య లీలమ్మ దాన్ని ముదలియార్‌పేటలోని వీళ్ళ వాయిద్యాల రిపేరు అంగడికి తెచ్చింది. లోపలెక్కడో వైరు ఊడి గుయ్‌మని మోత వస్తోంది, అది బాగుచేస్తే చాలంది.

“ఈ చోటు మాత్రం ముట్టుకోవద్దు పాపా. తుడవను కూడా వద్దు,” అంది.

“ముట్టుకోమత్తా. నాది పూచీ,” అంది నివేదిత.

కేశవ్ వైరు అతికించాడు. మెడ మీద అరిగిపోయిన కమ్మీలు రెండు మార్చాడు. కొత్త తీగలు వేశాడు. ఇక ఇచ్చెయ్యడమే మిగిలింది. అంతలో కడలూరులో నివేదిత అక్క కొత్తింట్లో చేరుతున్నానంటే భార్యాభర్తలిద్దరూ నాలుగు రోజులు అటు పోయారు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి ఇల్లంతా థిన్నర్ వాసన. గిటార్ కొక్కేనికి వేలాడుతోంది. మచ్చ లేదు, గీత లేదు. కొత్త మోటారుసైకిల్ ట్యాంకులా మెరుస్తోంది.

మామ వీరరాఘవన్ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గోళ్ళ సందుల్లో ఎరుపు.

అది శుక్రవారం. ఇవాళ మంగళవారం. ఈ మధ్యలో ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా అరవలేదు. కోపం వస్తుందేమోనని నివేదిత చూసుకుంది. రాలేదు. ఏడుపూ రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎలా ఉంటుందో, నాలుగు రోజులుగా ఆమెకు ఒళ్ళంతా అలా ఉంది.

“సరే, అరగదీసేది వద్దు,” అన్నాడు కేశవ్, గొంతు తగ్గించి. “నేనే రంగు వేసినానని చెప్తా. నువ్వు ఏమీ అనకుండా సుమ్మా ఉండు, చాలు.”

“నువ్వు కడలూరులో ఉండావని ఆమెకు తెలుసు. నేనే ఫోన్లో చెప్పినా.”

“పోకముందే వేసినానంటా.”

“ఎందుకు?”

“ఎందుకేంది? నాయన పేరు పోతుంది. యాభై ఏళ్ళుగా ఈ ఊర్లో వాయిద్యం చెడితే ఆయన పేరే చెప్తారు. పోయిన నెల ఏమైందో మరిచిపోయినావా? ఒకరి వయొలిన్ ఇంకొకరికి ఇచ్చి పంపించేసినాడు. నిన్న నిన్ను కమలా అని పిలిచినాడు. మా అమ్మ పోయి ఆరేళ్ళు. ఇప్పుడు ఇదొకటి బయటికి పోతే, ఇంక ఎవరూ ఆయన చేతికి ఏదీ ఇవ్వరు.”

“ఇవ్వకూడదేమో.”

ఆ మాట నోటి నుంచి వచ్చాక తనకే గుచ్చుకుంటుందనుకుంది. గుచ్చుకోలేదు.

కేశవ్ ఆమె ముఖంలోకి చూశాడు.

“రాయి మాదిరి అయిపోయినావు నివీ,” అని ముందుగదిలోకి పోయాడు. అంగడి షట్టరు ఎత్తిన చప్పుడైంది.

ఆమె కాఫీ కలిపింది. ఒక గ్లాసు పట్టుకుని వసారాలోకి నడిచింది.

వీరరాఘవన్ గిటార్‌కు ఎదురుగా స్టూలు వేసుకుని, మెత్తటి గుడ్డతో దాని మెడ చివరి మరలు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. డెబ్బై మూడేళ్ళ మనిషి. బనియను, మడిచి కట్టిన తెల్లపంచె.

“మామా, కాఫీ.”

“పెట్టు పాపా.”

శుక్రవారం నుంచి ఆయన్ని ఎవరూ సూటిగా అడగలేదు. కేశవ్ అడగనివ్వలేదు. అడిగితే, నేను వెయ్యలేదే అంటాడేమోనని అతని భయం. ఆ మాట వింటే, మతిమరుపు ముదురుతుందన్న డాక్టరు మాట నిజమైపోతుంది.

నివేదిత గడప మీద కూర్చుంది.

“దీనికి రంగు ఎందుకు వేసినారు మామా?”

ఆయన కాఫీ ఊదుకున్నాడు. “బాగలేదా?”

“బాగుంది.”

నిజంగానే బాగుంది. అంచుల్లో ఎక్కడా రంగు కారలేదు. వెనకవైపు కూడా అద్దంలా ఉంది. ఎదురుగా బండ్లకు పెయింటింగ్ చేసే నటేశన్ షెడ్డులో మూడు పొద్దులు నిలబడి స్ప్రే చేశాడట. పెద్దాయన చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదక్కా అని నటేశనే చెప్పాడు. పదేళ్ళలో ఆయన చేత ఇంత నున్నటి పని జరగలేదు.

“లీలమ్మత్త ఆ చోటు ముట్టుకోవద్దనింది. మీకు నేను చెప్పినా గదా.”

“చెప్పినావు.”

“గుర్తుందా?”

“ఎందుకుండదు? ఆ దినం బెండకాయ పులుసు పెట్టినావు. అన్నం తింటా ఉంటే చెప్పినావు.”

నివేదిత ఆయన కళ్ళలోకి చూసింది. తేటగా ఉన్నాయి.

“అయితే తెలిసే చేసినారా?”

“లోకు చెప్పినాడు.”

“ఎవరు?”

“లోకనాథన్. ఆస్పత్రిలో. మధ్యాన్నం లీలమ్మ స్నానానికి ఇంటికి పోతే నేను గదా కూర్చుంటా ఉన్నింది. అప్పుడు చెప్పినాడు.”

“మామా, ఆయనకు ఆపరేషన్ చేసి గొంతు తీసేసినారు. మాట యాడిది?”

“మాటెందుకమ్మా?” వీరరాఘవన్ నవ్వాడు. “వాళ్ళ పార్టీకి మైకులూ ఆంప్లిఫయరూ నావే. ఎన్నేండ్లు! స్టేజీ మీద నుంచి వాడు కనుబొమ్మ ఎత్తితే చాలు, యాడ పెంచాల, యాడ తగ్గించాల, నాకు తెలిసేది. ఒక్క దినం తప్పింది లేదు.”

గ్లాసు కింద పెట్టాడు. కుడి ముంజేతిని పొట్ట మీద అడ్డంగా ఆనించి, పైకీ కిందికీ రెండుసార్లు రుద్దాడు. తర్వాత అరచెయ్యి తెరిచి, అదే చోటును ఈ చివరి నుంచి ఆ చివరికి తుడిచాడు.

“ఇట్ల. మూడు దినాలు ఇట్లనే చూపించినాడు. నా చెయ్యి ఆనిన చోటు తుడిచెయ్యి రా అని. అది చూసుకుంటా లీలమ్మ ఏడుస్తా కూర్చోగూడదని. సరే రా, నేను చూసుకుంటా అని తల ఊపినా. అప్పుడు కండ్లు మూసుకున్నాడు.”

“ఇదంతా మాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే లీలమ్మకు తెలుస్తుంది. తెలిస్తే వద్దంటుంది. పోయినోడికి ఇచ్చిన మాట ఏమయ్యేది?”

ఆయన మళ్ళీ గుడ్డ అందుకున్నాడు.

నివేదిత వంటింట్లోకి వచ్చింది. పొయ్యి ముందు నిలబడి తన ముంజేతిని పొట్ట మీద ఆనించి చూసుకుంది. పైకీ కిందికీ. తర్వాత అరచేత్తో తుడిచింది. గిటార్ వాయించే మనిషి చెయ్యి అక్కడే ఆనుతుంది. నిజమే అయ్యుండొచ్చు. నిజమైతే బాగుండును. మామ మనసు సరిగానే ఉందన్నమాట, తన పూచీ కూడా అంతగా చెడలేదన్నమాట.

అంగట్లోకి పోయి కేశవ్‌కు చెప్పింది. అతను సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి విన్నాడు.

“ఇప్పుడు అల్లుకున్న కథ అది,” అన్నాడు. “నాలుగు దినాలు కూర్చుని అల్లుకున్నాడు. అది అబద్ధం గూడా కాదు, ఆయనకు నిజమనే తోస్తా ఉంటుంది. డాక్టరు ముందే చెప్పినాడు గదా.”

“నేను చెప్పిన దినం బెండకాయ పులుసని గుర్తుంది ఆయనకు.”

“ఆ దినం బెండకాయ పులుసేనా?”

నివేదిత ఆలోచించింది. ఆ రోజు ఏం వండిందో ఆమెకే గుర్తు లేదు.

కేశవ్ మళ్ళీ కడ్డీ అందుకున్నాడు.

లీలమ్మ పదకొండు దాకా ఆగలేదు. పదిన్నరకే మూలకుళం నుంచి ఆటోలో వచ్చి దిగింది. ఆటోను ఉండమంది. చేతిలో గిటార్ పాతసంచి, గుడ్డది. చిరిగిన చోటల్లా వేరే రంగు దారంతో కుట్టి ఉంది.

“ఉతికి తెచ్చినా,” అంది నివేదితతో. “అందులో మొయ్యడమే ఆయనకు అలవాటు.”

“కూర్చో అత్తా. మజ్జిగ ఇస్తా.”

“వద్దు పాపా. ఇంటికి పోయి తాగుతా.”

కేశవ్ లోపలికి పోయి గిటార్ తెచ్చి, బల్ల మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టాడు. ఇద్దరూ ఆమె చెయ్యి వైపు చూస్తూ నిలబడ్డారు.

లీలమ్మ చెయ్యి తిన్నగా ఆ చోటుకే పోయింది. నున్నటి రంగు మీద జారింది. వెనక్కి తెచ్చి మళ్ళీ పెట్టింది. తర్వాత, ఆ చోటు అటువైపు ఉందేమో అన్నట్టు, గిటార్‌ను రెండు చేతులతో జాగ్రత్తగా తిప్పి వెనక చూసింది. మళ్ళీ తిప్పింది.

“ఇది మాది కాదు తంబీ,” అంది.

“మీదే అత్తా.”

“కాదు. మాది వేరే.”

కేశవ్ కిందివైపు చూపించాడు. గుండ్రటి నాబ్‌లు మూడు ఉన్నాయి. రెండు ఒక తీరు, మూడోది పాత రేడియోది. అసలుది ఏదో పెళ్ళిలో పోతే లోకనాథన్ తన ఇంటి రేడియోది పీకి బిగించుకున్నాడు. లీలమ్మ దాన్ని వేలితో తాకింది. కాస్త తిప్పింది. తర్వాత స్టూలు వెతుక్కుని కూర్చుంది.

“ఎవరు చేసినారు?”

“నేనే అత్తా,” అన్నాడు కేశవ్. “పాతబడిపోయింది గదా, కొత్తగా చేసిస్తే సంతోషిస్తారని. తప్పైపోయింది.”

లీలమ్మ అతని వైపు చూడలేదు. నివేదిత వైపు చూసింది.

“నాది పూచీ అన్నావు గదా పాపా.”

ఆ మాటలో కోపం లేదు. ధర అడిగినట్టుంది.

“అన్నానత్తా,” అంది నివేదిత. ఇంకా ఏదో చెప్పాలి. కాళ్ళ మీద పడాలా? నిజం చెప్పాలా? బయట ఆటో ఇంజను ఆగిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించింది.

“వాడు కాదు లీలమ్మా. నేను.”

వీరరాఘవన్ లోపలి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. బనియను మీద చొక్కా వేసుకున్నాడు. గుండీలు సరిగ్గానే పెట్టుకున్నాడు.

“నాయనా, నువ్వు లోపలికి పో,” అన్నాడు కేశవ్.

“నువ్వు ఉండరా. నేను చేసిన పనికి నువ్వు మాట పడేదేంది?” ఆయన లీలమ్మకు ఎదురుగా వచ్చాడు. “లోకు చెప్పినాడు నాకు. ఆస్పత్రిలో. నువ్వు లేనప్పుడు. ఇట్ల చూపించినాడు.”

ముంజేయి పొట్ట మీద ఆనింది. పైకీ కిందికీ కదిలింది. అరచెయ్యి తెరుచుకుని, తుడిచింది.

లీలమ్మ చూస్తూ ఉండిపోయింది. అర్థం కాలేదేమోనని ఆయన ఇంకోసారి చేసి చూపించాడు.

“మూడు దినాలు. ఇట్లనే. నా గుర్తు తుడిచెయ్యి రా అని. నీకోసమే చెప్పినాడు.”

నివేదిత లీలమ్మ ముఖాన్నే చూస్తోంది. అందులోకి ఏదో వచ్చింది. నిలబడలేదు, పోయింది. ఆ తర్వాత ఆ ముఖంలో ఏమీ లేదు.

“అవునన్నా,” అంది లీలమ్మ. “ఆయన అట్లే చేస్తాడు. నాకూ చూపించినాడు.”

“చూసినావా?” వీరరాఘవన్ కొడుకు వైపు తిరిగాడు. “చూసినావారా? నేను మతి పోయినోడిని అనుకుంటా ఉండావు నువ్వు.”

కేశవ్ తల వంచుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గు, దానికి మించిన సంతోషం. నాలుగు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

“వాయించి చూపించేదా అత్తా? మోత ఒక్క చుక్క లేదు ఇప్పుడు.”

“వద్దు తంబీ.” లీలమ్మ లేచింది. “పోయొస్తా అన్నా.”

“పోయిరా అమ్మా.”

నివేదిత ఆమె వెంట బయటికి నడిచింది. ఆటో ఎండలో ఉంది. డ్రైవరు నీళ్ళ సీసా కోసం పక్క అంగడికి పోయినట్టున్నాడు.

“అత్తా, గిటార్?”

“ఉండనీ ఇక్కడనే.”

“మళ్ళీ ఎప్పుడు వస్తావు?”

లీలమ్మ ఆటో కడ్డీ పట్టుకుంది. కడ్డీ కాలుతున్నా చెయ్యి తియ్యలేదు.

“కడుపుకు ట్యూబు పెట్టినారు గదా పాపా ఆయనకు,” అంది. “దాని చుట్టూ కట్టు. చెమట పట్టేది. దురద. గోక్కోగూడదు. తడిగుడ్డతో తుడవమని అడిగేవాడు. అట్లనే. చేత్తో రుద్ది చూపించి, తుడువు అని. దినానికి పదిసార్లు అడిగేవాడు.”

నివేదిత చెయ్యి తనకు తెలియకుండానే తన పొట్ట మీదికి పోయింది.

“మధ్యాన్నాలు నేను రెండు గంటలు ఉండేదాన్ని కాదు,” అంది లీలమ్మ. “అన్న ఉండాడు గదా, చూసుకుంటాడులే అనుకుని తల స్నానం గూడా చేసుకుని వచ్చేదాన్ని. మూడు దినాలు అడిగినాడంట.”

“అత్తా...”

“రంగుదేముంది. పోతే పోయింది.” ఆమె ఆటోలోకి ఎక్కి కూర్చుంది. “మీ మామకు చెప్పొద్దు. కేశవ్‌కు గూడా వద్దు. ఆ పిల్లోడు ఇప్పుడే ఊపిరి పీల్చుకున్నాడు.”

డ్రైవరు వచ్చాడు. ఆటో కదిలింది. నివేదిత చెయ్యి ఊపాలని కూడా మరిచిపోయి, అది కడలూరు రోడ్డు మలుపు తిరిగేదాకా చూసింది.

వెనక్కి తిరిగేసరికి అంగడి మెట్టు మీద వీరరాఘవన్ ఉన్నాడు. చేతిలో గుడ్డ సంచి. ఎప్పుడు వచ్చాడో తెలియదు.

“లీలమ్మ దీన్ని మరిచిపోయింది,” అన్నాడు.

“నేను పంపిస్తాలే మామా. ఇట్లివ్వండి.”

ఆయన ఇవ్వలేదు. సంచిని ఛాతీకి ఆనించుకుని రోడ్డు వైపు చూశాడు.

“ఆస్పత్రిలో బక్కెట్ మంచం కిందనే ఉండె పాపా,” అన్నాడు. “గుడ్డ దాని అంచు మీద ఆరేసి ఉండె. పచ్చగళ్ళ గుడ్డ. నేను చూస్తానే ఉంటి.”

నివేదితకు ఏడుపు వచ్చింది. శుక్రవారం నుంచి రానిది. ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

ఆయన చెప్పుల కోసం కాలితో వెతికాడు. దొరికినవి కేశవ్‌వి. వాటిలోనే కాళ్ళు దూర్చి మెట్టు దిగాడు.

“యాడికి మామా?”

“మూలకుళం. లీలమ్మకు చెప్పి రావల్ల.”

“ఏం చెప్తారు?”

ఆయన పెద్ద చెప్పులు ఈడ్చుకుంటూ రోడ్డు అంచుదాకా పోయి ఆగాడు. ఎడమకు చూశాడు. కుడికి చూశాడు. ఎదురుగా, పది అడుగుల దూరంలో, బస్టాపు రేకుల నీడన నలుగురు నిలబడి ఉన్నారు. యాభై ఏళ్ళుగా ఆ స్టాపు అక్కడే ఉంది.

“బస్సు ఏ పక్క నిలబడుతుంది పాపా?” అని అడిగాడు.

“నివీ!” లోపలి నుంచి కేశవ్ కేకేశాడు. ఆ గొంతులో నవ్వుంది, ఎన్నాళ్ళకో. “నాయనను పిలువు! ఈ గిటార్ ఆంప్‌కు తగిలిస్తా ఉండా, ఆయనే వినాల ముందు!”

బస్సు మలుపు తిరిగి వస్తోంది. నివేదిత పరుగున పోయి ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నదే గానీ, ఇంటి వైపు తిప్పాలో, రోడ్డు దాటించాలో ఆమెకు తెలియలేదు.

వెనక అంగట్లోంచి, ఏ మోతా లేకుండా, ఒక్క తీగ మోగింది. వీరరాఘవన్ అటు తిరగలేదు.